దానియేలు బస్సుకు రెండో తలుపు

ఎల్బీనగర్ బస్టాపుల నిలబడి డ్రైవర్ దానియేలు అని ఒక్కమాట అంటే, ఇప్పటికి గూడ ఎవరో ఒక పెద్దమనిషి "ఆ, ఎందుకు తెల్వదు" అని తల ఊపుతడు. ఎన్ని ఏండ్లు నడిపిండు సిటీ బస్సు! దిల్‌సుఖ్‌నగర్ రద్దీల, మెట్రో పిల్లర్ల పక్కకెల్లి, ముంగటికొచ్చి ముక్కు దూర్చే ఆటోలను తప్పిచ్చుకుంట, మూసారాంబాగ్ దాకా ఒక్కలకు గీత పడకుండ తీసుకపోయేటోడు. బ్రేకు ఏస్తే నిలబడ్డ ముసలమ్మ ముంగటికి తూలొద్దు. అదొక్కటే ఆయన పంతం.

గసువంటి మనిషికి పోయిన ఏడు పక్షవాతం వచ్చింది. పొద్దుగాల డ్యూటీకి పోదామని ఖాకీ అంగీ గుండీలు పెట్టుకుంటుంటే కుడిచెయ్యి మాట వినలే. దవాఖాన, మందులు, చర్చి సంఘం మొత్తం కూసోని ప్రార్థనలు. మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది. చెయ్యి మటుకు సగంల ఆగిపోయింది. డిపో వాళ్లు మర్యాదగనే సెలవిచ్చి ఇంటికి పంపిండ్రు. ఆయన భార్య కాంతమ్మ ఆ ఖాకీ బట్టలు ఉతికి, ఇస్త్రీ చేపిచ్చి బీరువల పెట్టింది. చర్చిల అందరి ముంగట దేవుడు చేసిన మేలు సాక్ష్యం చెప్పమంటే దానియేలు ఎడమచేత్తోని మైకు పట్టుకొని, కుడిచెయ్యి ప్యాంటు జేబుల దాసుకునేటోడు.

ఫిజియోథెరపీ చేసే శ్రీకళ మంచి పిల్ల. "చెయ్యికి పని చెప్తనే ఉండాలె అంకుల్. మీరేమో రబ్బరు బంతి ఇస్తే పక్కన పెడుతరు. మీకు ఏ పని ఇష్టమో అది చెప్పండ్రి, దాంతోనే చేపిస్త," అన్నది.

"నాకు ఇష్టమున్న పని ఒక్కటే బిడ్డా. అది ఇంక నా చేతికి ఎవ్వలియ్యరు," అన్నడు దానియేలు.

పక్కనే ఉన్న ఆయన బిడ్డ జోస్నాకు ఆ మాట సూది లెక్క గుచ్చుకున్నది. చైతన్యపురిల ఒక మందుల దుకాణంల కౌంటర్ మీద పని చేస్తది ఆ పిల్ల. ఇంటికొచ్చినంక ఫోన్ల వెతికితే దొరికింది. కంప్యూటర్ల బస్సు నడిపే ఆట ఉన్నదట. బల్లకు బిగిచ్చుకునే చిన్న స్టీరింగు గూడ ఉన్నదట. కాళ్లకింద బ్రేకు, యాక్సిలేటరు. ఇగ ఆగుతదా? వీడియోలు చూసి చూసి కండ్లు ఎర్రగ చేసుకొని, దానియేలును ఎంటబెట్టుకొని, చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్లు బిగిచ్చే మధు దుకాణానికి పోయింది.

మధు ముంగట రెండు డబ్బాలు పెట్టిండు. "అక్కా, ఇగో ఈ ప్రాసెసర్, అంటే కంప్యూటర్ మెదడు, సస్తాగ వస్తది. కాని దీంట్ల బొమ్మలు గీసేది లేదు. గ్రాఫిక్స్ కార్డు వేరేగ కొనాలె, అది దీనికంటె పిరం. ఈ రెండోదాంట్ల బొమ్మలు గీసేది లోపల్నే ఉంటది. ఇది జర ఎక్కువ పడుతది గాని, ఇగ కార్డు అక్కర్లేదు."

"లోపల్నే ఉన్నదానితోని ఆట నడుస్తదా తమ్మీ? మా దుకాణంల పిల్లలు కార్డు లేకుంటె నడవనే నడవదని నవ్విండ్రు," అన్నది జోస్నా.

"గవి పాతకాలం ముచ్చట్లు. పెద్ద పెద్ద యుద్ధాల ఆటలు అన్నీ ఫుల్‌గ పెట్టి ఆడుతనంటె నడవదు. అంకుల్ బస్సుకు ఇది మస్తు."

దానియేలు ఆ చిన్న డబ్బను చేతిలకు తీసుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. "అంటే గిది కండక్టర్ లేని బస్సు అన్నట్టు. డ్రైవరే టికెట్లు కొడుతడు, డ్రైవరే బండి నడుపుతడు."

"వారెవ్వా అంకుల్! నేను ఇన్నేండ్ల సంది చెప్తున్నగాని గంత సాఫ్‌గ చెప్పరాలే," అని మధు పడిపడి నవ్విండు.

దానియేలు మొహంల చానా నెలలకు వెలుగొచ్చింది. అది చూసి జోస్నా ఇంకో ఆలోచన లేకుండ ఆ రెండో డబ్బనే ఖాయం చేసింది. దానికి జతగ రెండు ర్యామ్ స్టిక్‌లు తీసుకున్నరు. ప్రాసెసర్ పని చేసేటప్పుడు సామాన్లు పెట్టుకునే జాగా అన్నట్టు అవి, చేతి వేలంత పొడుగుంటయి.

గీడ్నే వచ్చింది తిరకాసు. దానియేలు ఇంట్ల ఒక పద్ధతి ఉన్నది. ఏది కొత్తగ వచ్చినా మొదటి భాగం దేవునిది. జోస్నా మొదటి జీతం కవర్ కవరే కానుకల పెట్టెల పడ్డది. పెరట్ల బొప్పాయి మొదటి పండు చర్చి నడిపే అయ్యగారింటికి పోయింది. ప్రథమ ఫలం అంటరు దాన్ని. ఇప్పుడు ఇంత పెద్ద కంప్యూటర్ ఇంటికొస్తుంటే దేవునికి ఏమిచ్చిండ్రు? చర్చిల పాటలు తెర మీద చూపిచ్చే కంప్యూటర్ నత్త నడక నడుస్తున్నది. రెండో చరణం వచ్చేసరికి సంఘం పాట ఖతం చేసి కూసుంటది.

"మధూ, ఆ రెండు ర్యామ్ స్టిక్‌లల్ల ఒకటి తీసి కవర్ల పెట్టు. అది మా చర్చికి," అన్నడు దానియేలు.

"అంకుల్, నడుస్తది గాని, లోపల్నే బొమ్మలు గీసేదానికి జోడు ఉంటెనే..."

"నడుస్తది అంటున్నవు గదా? ఇగ సాలు. దేవుని భాగం దగ్గర బేరం చెయ్యొద్దు బిడ్డా."

మధు ఒక స్టిక్ తీసి కవర్ల పెట్టిండు. తండ్రి అంత సంతోషంగ ఇస్తుంటే జోస్నా ఒద్దని ఎట్ల అంటది? ఆదివారం దానియేలు ఆ కవర్‌ను స్టీవెన్ అయ్యగారి చేతిల పెట్టి వందనం చెప్పి, ఛాతీ ఇంత చేసుకొని ఇంటికొచ్చిండు.

కంప్యూటర్ బిగిచ్చినంక కాంతమ్మ ప్రార్థన చేసింది. దానియేలు స్టీరింగు ముంగట కూసున్నడు. తెర మీద రోడ్డు, బస్సు, స్టాపుల నిలబడ్డ జనం. కుడిచెయ్యి ఎత్తి స్టీరింగు మీద పెట్టుకున్నడు. బండి కదిలింది. మొదటి మలుపు. తిప్పిండు. బస్సు తిరగలే. ఒక్క క్షణం ఆగి ఒక్కసారే గుంజుకపోయి గోడకు తగిలింది. మళ్ల మొదలు పెట్టిండు. బ్రేకు తొక్కితే స్టాపు దాటినంక ఆగింది.

"కొత్త గదా నాన్నా, అలవాటైతది," అన్నది జోస్నా.

రోజూ కూసున్నడు. రోజూ గదే కథ. మలుపు ఒకతాన, బస్సు తిరిగేది ఇంకోతాన. ఆయనకు మటుకు సంగతి అర్థమైపోయింది. బండిది కాదు తప్పు, చెయ్యిది. తాను ఇప్పుడు తిప్పిన అనుకుంటున్నడు గాని చెయ్యి ఆలస్యంగ తిప్పుతున్నది. మెదడు నుంచి కబురు దారిల్నే ఆగిపోతున్నది. ఈ ముచ్చట ఎవ్వలకు చెప్పలే. కంప్యూటర్ మీద కాంతమ్మ పాత చీర ముక్క కప్పిండు. రబ్బరు బంతి మంచం కిందికి పోయింది. శ్రీకళ దగ్గరికి పోదాం నడువుమంటే "నాకు ఇగ ఒద్దు కాంతమ్మా. పోయింది పోయింది. ఊకె ఆ పిల్ల పొద్దు పాడు చేసుడెందుకు?" అని గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

కాంతమ్మకు కోపమొచ్చింది. ఏడ్వొచ్చు. కాని ఆమె కోపమొస్తే ఏడ్వదు, పని చేస్తది. చీర ముక్క సర్రున గుంజిపారేసి ఆ కుర్చీల తనే కూసున్నది. "నా మొగన్ని ఇంత ఏడిపిచ్చే ఆట ఏందో నేను గూడ చూస్త," అని స్టీరింగు పట్టింది. సైకిల్ గూడ తొక్కని మనిషి!

తిప్పింది. బస్సు కదలలే. ఇంకింత తిప్పింది. బస్సు పోయి బస్టాపు మీదికెక్కింది.

"ఓయమ్మో! ఏం బండిర నాయనా ఇది? నేను ఇయ్యాల తిప్పుతే ఇది రేపు తిరుగుతది!"

పండుకున్న దానియేలు లేసి కూసున్నడు. "మళ్ల తిప్పు."

"మళ్లేంది తిప్పేది, జనం మీదికి ఎక్కిచ్చిన..."

"తిప్పు అంటున్న గదనే!"

ఆమె తిప్పింది. దానియేలు తెర చూడలే, ఆమె చేతులు చూసిండు. ఎంతమంది కొత్త డ్రైవర్లను పక్కన కూసోబెట్టుకొని నేర్పిచ్చిండు! చెయ్యి ఎప్పుడు తిరిగిందో, బండి ఎప్పుడు తిరిగిందో ఆయన కన్ను పట్టుకుంటది. కాంతమ్మ చేతులు రెండూ బంగారం లెక్కున్నయి. తిప్పాల్సినప్పుడే తిప్పింది. బస్సే ఆలస్యం.

"కాంతమ్మా, నా చెయ్యిది కాదే తప్పు," అన్నడు.

జోస్నా అప్పటికప్పుడే మధుకు ఫోన్ కొట్టింది. మధు ఒక్కటే అడిగిండు. "అక్కా, ఒకటే స్టిక్ గదా ఉన్నది? వేరే కార్డు ఉంటే దాని సామాన్ల జాగా దానికుంటది. మీది లోపలిది, ర్యామ్‌లకెల్లే తీసుకొని బొమ్మలు గియ్యాలె. జోడు లేకుంటే స్పీడు సగానికి పడిపోతది. ఆరోజు గదే చెప్పబోయిన."

"రెండు తలుపుల బస్సుకు ఒక తలుపు మూసిన నేను," అని దానియేలు తల కొట్టుకున్నడు. "జనం ఎక్కుడు దిగుడు ఒక్కదాంట్లకెల్లే అయితే బండి ఎట్ల కదులుతది?"

ఇంకోటి కొందామంటే ర్యామ్ ధరలు మండిపోతున్నయి. చర్చిల ఉన్నదాన్ని అడుగుదామని కాంతమ్మ అంటే దానియేలు ఒంటికాలి మీద లేసిండు. "దేవునికిచ్చింది వాపస్ అడుగుతరా? సిగ్గుండాలె. చెయ్యి రాకుంటే రాకపాయె." చెయ్యి తనది, మాట దేవునిది. ఆయన ఎటు తేల్చుకుంటడో కాంతమ్మకు తెలుసు. అందుకే ఇంకో మాట అనకుండ కూరగాయల సంచి పట్టుకొని బయటికి పోయింది. కూరగాయలకు పోలేదు.

పొద్దుగూకకముందే స్టీవెన్ అయ్యగారు ఇంటికొచ్చిండు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ సంఘం నడిపే మనిషి, మాట మెత్తగ ఉంటది. చేతిల గా పాత కవరే ఉన్నది.

"దానియేలు గారూ, ముందు నన్ను క్షమించాలి మీరు. మన చర్చి కంప్యూటర్ బాగా పాతదండీ. ఇది దాంట్లో పట్టలేదు, దీని గాటు ఒకచోట, దాని గాడి ఇంకోచోట. మీరేమో అంత సంతోషంగా ఇచ్చారు. పట్టలేదంటే మీ మనసు చిన్నబోతుందని బీరువాలో దాచేశాను. అప్పటినుంచి మీకు ఎదురుపడాలంటే మొహం చెల్లట్లేదు నాకు."

"ఇచ్చింది ఇచ్చిందే అయ్యగారూ. నేను తీసుకోను."

"మీరు ఇచ్చారు, దేవుడు తీసుకున్నాడు. ఆ లెక్క అయిపోయిందండీ. ఇప్పుడు ఆయన మీకు ఇస్తున్నాడు. ఆయన చేతిలోది వద్దంటారా?"

దానియేలు కవర్ తీసుకొని కండ్లకద్దుకున్నడు. కాంతమ్మ అయ్యగారికి చాయ్ పోసుకుంట, తనకేమీ తెల్వనట్టు గిన్నెల దిక్కు చూసింది.

జోస్నా మధును పిలుచుకొచ్చి రెండోది బిగిపిచ్చింది. దానియేలు కూసున్నడు. మొదటి మలుపు. తిప్పిండు. బస్సు తిరిగింది. తిప్పినప్పుడే తిరిగింది! చెయ్యి జర వణికితే బస్సు గూడ జర వణికింది, గంతే. స్టాపు దగ్గర మెల్లగ బ్రేకు తొక్కితే తెర మీద జనం తూలకుండ ఆగింది. తలుపు తెరుచుకున్నది. వెనక నిలబడ్డ కాంతమ్మ "రైట్, రైట్!" అని అరిచింది. దానియేలు నవ్వుకుంటనే ఏడ్చిండు.

ఇగ ఆయనను ఆ కుర్చీల నుంచి లేపుడే పెద్ద పని అయింది. చెయ్యి నొస్తుంటే తిట్టుకుంట తిప్పేటోడు. మంచం కింద బంతి మళ్ల బయటికొచ్చింది. శ్రీకళ చెయ్యి పట్టి చూసి "ఏం మందు వాడుతున్నరు అంకుల్?" అంటే, "మూసారాంబాగ్ రూటు బిడ్డా," అన్నడు.

రెండు నెలలకు, ఒక ఆదివారం, సాక్ష్యం చెప్త అని తనే లేసి ముంగటికి పోయిండు. "వందనాలు. దేవునికి ఇచ్చేతందుకు నేను ఉరికిన గాని, ఆయన ఇస్తుంటె తీసుకునుడు నాకు చాతగాలే. నా చెయ్యి సచ్చిపోయిందని నాకు నేనే తీర్పు చెప్పుకున్న. నా భార్య ఆ కుర్చీల కూసోకుంటే, అయ్యగారు ఆ కవర్ తేకుంటే, నా బిడ్డ ఆ దుకాణానికి నన్ను గుంజకపోకుంటే..." కాంతమ్మ దిక్కు చూసి ఆగిండు.

ముందు వరుసల కాంతమ్మ కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తున్నది. తన మాటకే అనుకున్నడు. కాని ఆమె తన మొహం దిక్కు చూస్తలేదు. పక్కన జోస్నా గూడ ఆయన జేబు దిక్కే చూస్తున్నది. ఏందా అని దానియేలు గూడ కిందికి చూసుకున్నడు.

జేబుల ఎడమచెయ్యి ఉన్నది. మైకు కుడిచేతిల ఉన్నది.