కుడిచేతి పరుగు

మా వంశంలో పరువు తీసినవాళ్లున్నారు కానీ పరుగు తీసినవాళ్లు లేరు. నేనైతే ఇక్కడ అమెరికాలో, మా బాతెల్ ఊళ్లో బస్సు కదిలిపోతున్నా నడిచే వెళ్తాను, ఇంకోటి రాకపోతుందా అని. అలాంటి ఇంటికి మా చెల్లెలి కూతురు వచ్చింది, పరుగు పందేల పిల్ల.

చెల్లి, మరిది ఖార్టూమ్‌లో ఉద్యోగాలు చేసుకుంటుండగా అక్కడ యుద్ధం మొదలైంది. ఓడరేవు దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఓడలో ఎలాగో బయటపడ్డారు. పిల్ల పుట్టింది అమెరికాలో కాబట్టి ఇక్కడికి రాగలిగింది. వాళ్లిద్దరూ వీసా కోసం విశాఖపట్నంలో ఆగిపోయారు.

మొదట్లో అడిగినదానికి జవాబు తప్ప పిల్ల నోట మాట ఉండేది కాదు. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. స్కూల్లో రిలే జట్టు అమ్మాయిలు ముగ్గురు తనని నాలుగోదానిగా కలుపుకున్నాకే కాస్త తేలికపడింది. వాళ్లంతా ఒకేరకం జడ వేసుకునేవారు. ఒకరోజు మా పిల్లా అదే జడతో ఇంటికొచ్చింది. నేను వంటింట్లోకి వెళ్లి రెండు దోసెలు ఎక్కువ పోశాను. ఆనందమొచ్చినా ఆవేదనొచ్చినా నాకు తెలిసింది పెనం పెట్టడమే.

అంతలో కోచ్ ఫోన్ చేసింది. మా పిల్ల రిలే కర్ర, అదే బ్యాటన్, అందించేటప్పుడు తడబడుతోందట. శనివారం పోటీలోపు కుదరకపోతే ఆ స్థానంలో వేరే అమ్మాయిని పెట్టక తప్పదంది. ఆ జట్టూ పోతే పిల్లకి ఈ ఊళ్లో ఇంకేముంది? ఉన్నపళాన గ్రౌండ్‌కి వెళ్లాను.

రిలేలో మొదటివాళ్లు, మూడోవాళ్లు కర్రని కుడిచేత పట్టుకోవాలి. రెండోవాళ్లు, నాలుగోవాళ్లు ఎడమచేత. మధ్యలో చేయి మార్చకూడదు. పరుగు వరసలో మా పిల్లది రెండో స్థానం. గాలిలా వచ్చేది, తీరా ఇచ్చే సమయానికి కర్రని కుడిచేతిలోకి మార్చుకునేది. అది కిందైనా పడేది, అవతలి పిల్ల మోచేతికైనా తగిలేది. కోచ్‌కి అంతుపట్టని రోగం నాకు కంచె బయటినుంచే అర్థమైంది. మా ఇళ్లలో ఉప్పైనా, టీవీ రిమోటైనా ఎడమచేత్తో ఇవ్వం. మా చెల్లి మరీనూ. ఎడమచేత్తో గ్లాసు అందిస్తే పుచ్చుకునేదే కాదు.

కార్‌లో నెమ్మదిగా అన్నాను, ఇది ఆటే కదా, ఎడమచేత్తో ఇచ్చేస్తే ఏమీ కాదని.

"బ్రెయిన్‌కి తెలుసు పెద్దమ్మా. చేతికే తెలీట్లేదు," అంది. కిటికీలోంచి బయటికి చూస్తూ, "వీడియోలో అమ్మ చూస్తది కదా," అంది.

నేను తిరగాల్సిన మలుపు దాటిపోయాను.

మర్నాడు కోచ్‌కి ఈ ఎడమచేతి శాస్త్రమంతా ఇంగ్లీషులో చెప్పబోయి, సగం చెప్పి, మిగతాది రెండు చేతులతోనూ అభినయించాను. ఆవిడ నవ్వలేదు. అయితే మొదటి స్థానంలో పరిగెత్తమంది, అక్కడ అంతా కుడిచేయే కదా అని. మా పిల్ల తల అడ్డంగా ఊపింది. పందెం మొదలుపెట్టే తుపాకీ పేలేది అక్కడే. కోచ్ ఆ ముఖం చూసి కారణం అడగలేదు. జట్టులో మిగతా ముగ్గురూ పక్కనే ఉండి వింటున్నారు.

మూడో స్థానం అమ్మాయి బూటు లేసు కట్టుకుంటూ, "నా ప్లేస్ తీసుకో. నాకు ఏ చెయ్యైనా ఒకటే," అంది, బస్సులో సీటు ఇచ్చినంత మామూలుగా. తనేమో ఏడాదిగా ఆ మలుపు మీద సాధన చేసిన పిల్ల. వారమంతా నలుగురూ మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నారు. ఆ అమ్మాయి మా ఇంటికొస్తే ఇప్పటికీ మొదటి దోసె తనదే.

శనివారం నేను ఫోన్ పట్టుకుని మా చెల్లికి చూపిస్తున్నాను. తుపాకీ పేలినప్పుడు మా పిల్ల మైదానం అవతలి కొసన చెవులు మూసుకుని ఉంది. తర్వాత చేతులు దించి, కుడిచేయి వెనక్కి చాచింది. కర్ర వచ్చింది, వెళ్లింది. కింద పడలేదు. నాలుగో బహుమతంటూ ఏమీ లేదు కానీ నాలుగో స్థానం వచ్చింది. నలుగురూ ఒకరి మీద ఒకరు పడి కేకలు పెట్టారు.

ఫోన్ పిల్లకిచ్చాను. మా చెల్లి ముక్కు ఎగబీలుస్తూనే మొదలుపెట్టింది: "నీకిచ్చిన పిల్లా ఎడమచేత్తోనే ఇచ్చింది, నీ దగ్గర పుచ్చుకున్న పిల్లా ఎడమచేత్తోనే పుచ్చుకుంది. ఏమిటే ఇది?"

భుజాల మీద ఎవరివో రెండు చేతులు వేలాడుతుండగా మా పిల్ల చెప్పింది. "మా టీమ్‌లో అంతే అమ్మా."