ప్రెస్సు మామ చదివిన ఉత్తరాలు

మొన్న పాత పెట్టె ఖాళీ చేస్తుంటే అడుగున, చీర అంచు ముక్కతో కట్టిన ఉత్తరాల కట్ట దొరికింది. మా పెద్దమ్మవి. సైగాన్‌లో దుకాణం పనిలో ఉన్న పెదనాన్న రాసినవి. అక్షరాలు తమిళం, మాట తెలుగు. తరాలుగా పుదుచ్చేరి బజారులో బతికిన మాబోటి ఇళ్ళలో తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు లేరు. బళ్ళో నేర్చిన తమిళ అక్షరాలతోనే ఇంటి మాట రాసుకునేవాళ్ళం. ఆ రాత కళ్ళతో చూస్తే సరిగా అందదు, పైకి చదివి చెవితో వినాలి. ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్కటే పైకి చదవసాగాను.

పెద్దమ్మకు ఏ అక్షరాలూ రావు. పెళ్ళైన రెండేళ్ళకే పెదనాన్న ఓడెక్కితే, ఆమె తన చెల్లెలైన మా అమ్మ దగ్గరే ఉండిపోయింది. ఉత్తరం వచ్చినప్పుడల్లా చదివిపెట్టడానికి పక్క వీధి నుంచి ప్రెస్సు మామ రావాలి. ఆయన అచ్చుకూటంలో అక్షరాలు పేర్చేవాడు. తమిళుడు, తెలుగు ముక్క రాదు. ఆ మాటకొస్తే ఫ్రెంచీ రాదు, అయినా దొరల ప్రకటనలన్నీ ఏళ్ళ తరబడి తప్పు లేకుండా పేర్చాడు. "అర్థం తెలిస్తే చెయ్యి ఆగుతుందమ్మా, తెలియకపోతే పని సాగిపోతుంది" అని తమిళంలో గర్వంగా చెప్పుకునేవాడు.

బళ్ళో తమిళం చదువుతున్న నేను ఇంట్లో ఉండగా ఆయన్ని పిలవడమేమిటని నాకు మహా ఉక్రోషం. ఒకసారి ఉత్తరం లాక్కోబోతే పెద్దమ్మ చేతి మీద ఒక్కటిచ్చింది.

"నువ్వొద్దు. నీకు అర్థమైతాది."

"అర్థమైతే ఏంది పెద్దమ్మా?"

"మొగుడూ పెండ్లాల మాటలు నీకేందికే? పో, బాయికాడికి పో."

బావి దగ్గరికి మాటలు సరిగా వినిపించేవి కావు. మామ గొంతు మాత్రం తిరగలి విసిరినట్టు ఒకే తీరున వినిపించేది. పెళ్ళి కబురైనా చావు కబురైనా ఆయనకు ఒకటే. తమిళంలో గ, క ఒకటే అక్షరం గనక ఆయన గాజులను కాజులన్నా పెద్దమ్మ మనసులోనే సర్దుకుని నవ్వుకునేది, ఒక్కోసారి కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. ఆయన తలెత్తి ఆమెను ఓసారి చూసి మళ్ళీ విసరడం మొదలుపెట్టేవాడు. జవాబు కూడా అంతే. ఆమె తెలుగులో చెబుతుంటే, వినబడినట్టు తమిళ అక్షరాల్లో రాసుకుపోయేవాడు. తరవాత నేను కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో, మాటకు అర్థం ఎక్కడ ఉంటుందని పండితులు గంటలకొద్దీ వాదించుకోవడం విన్నాను. చదివే మనిషికి అర్థం కాని ఉత్తరం, అర్థమయ్యే మనిషికి చదవరాని ఉత్తరం మా పంచలోనే ఉండేదని చెప్పాలనిపించేది.

ఫ్రెంచి జెండా దిగిన కొన్నేళ్ళకు కాగితాల మీద కూడా ఇండియాకు ఊరి అప్పగింత పూర్తయింది. ఫ్రెంచి పౌరులుగా ఉండదలచినవాళ్ళు గడువులోగా సంతకం పెట్టాలన్నారు. సంతకం పెడితే సైగాన్ పోవడం సులువని వీధిలో అదే మాట. పెద్దమ్మ ఒక్కటే అడిగి రాయించింది: సంతకం పెట్టేదా, నీ కాడికి వచ్చేదా? జవాబు రాకముందే నాలుగు కొత్త రవికలు కుట్టించి పెట్టుకుంది. అంత ఆశ ఆమె ముఖంలో నేను మళ్ళీ చూడలేదు.

జవాబు వచ్చింది. నేను బావి దగ్గర ఉన్నాను. తిరగలి ఆగింది. తలెత్తి చూస్తే మామ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. మళ్ళీ పెట్టుకుని, గబగబా ఏదో చదివి, మడిచి ఇచ్చేశాడు. పెద్దమ్మ ఉత్తరం వంక చూడలేదు. ఆయన ముఖం వంకే చాలాసేపు చూసి, "కాఫీ తాగి పోండన్నా" అంది తమిళంలో.

ఆమె సంతకం పెట్టలేదు. నాన్న అడిగినా, అమ్మ ఏడ్చినా "నాకు ఈడే బాగుండాది" అంది. గడువు దాటిపోయింది. రవికలు అమ్మకిచ్చేసింది. ఆ తరవాత ఉత్తరాలు రాలేదు కానీ మామ రావడం మానలేదు. అరుగు మీద కూర్చుని కాఫీ తాగి వెళ్ళేవాడు. ఒక్క తెలుగు మాట పలకలేదు.

నేను పెద్దదాన్నయ్యాక, బియ్యంలో రాళ్ళు ఏరుతున్న పెద్దమ్మను ఎందుకు వెళ్ళలేదని అడిగాను.

"ఆయప్ప అన్నేండ్లు చదివినాడు. మా అత్త చచ్చిన కబురుకు కూడా ఆగలా. ఆ పొద్దు ఆగినాడు."

"ఏం చదవకుండా దాటేసినాడో అడగలేదా?"

"ఏందికి? ఆ మొగం చూస్తే చాలదా?"

"మామకు తెలుగు ఎప్పుడొచ్చింది?"

"చదివి చదివి, నా మొగం చూసి చూసి" అని, చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కట్టలో ఆ ఉత్తరం ఆఖరిది. సగందాకా పైకే చదివాను. తరవాతి ముక్కల దగ్గర పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. "ఈడ నాకు వేరే సంసారం ఉండాది. ఇద్దరు బిడ్డలు. నువ్వు రావొద్దు." వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. పెద్దమ్మ లేదు, మామ లేడు, రాసిన పెదనాన్నా లేడు. అయినా కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఉత్తరం మడిచేశాను. అరవై ఏళ్ళు గడిచిపోయినా, ఆ మూడు ముక్కలను పైకి చదివే మనిషి మా ఇంట్లో ఇంకా పుట్టలేదు.