ఆకుపచ్చలో ఆకుపచ్చ

క్రైస్ట్‌చర్చ్‌లో చదువుకుంటూ, అదే ఊళ్లోని రిక్కార్టన్‌లో ట్రెక్కింగ్ సామాను అమ్మే షాపులో పనిచేసే రోజుల్లో చూశానావిడని. నర్సు యూనిఫాంలోనే వచ్చి, నా బ్యాడ్జి మీద పేరు చూసి తెలుగులో అడిగింది.

"చిన్న బైనాక్యులర్స్ కావాలి బాబూ. రోజంతా మెడలో వేసుకుని నడవాలి."

పదింతలు పెద్దగా చూపించేది ఇచ్చాను. తలుపు దగ్గర నిలబడి రోడ్డు అవతలి చెట్లను ఒక్కొక్కటే చూసింది.

"ఇందులో ఆకుపచ్చలో ఆకుపచ్చ విడిగా కనిపిస్తుందా?"

"కొండ చిలకల కోసమా ఆంటీ?" అన్నాను హుషారుగా.

పదింతలదాంట్లో బొమ్మ కదిలిపోతోందని ఆవిడ ఎనిమిదింతలది తీసుకుంది. అది తేలిక, పైగా ఒకేసారి ఎక్కువ మేర చూపిస్తుందని చెప్పాను. మళ్లీ చెట్లవైపు తిప్పి, మళ్లీ అదే ప్రశ్న.

"ఏం వెతుకుతున్నారాంటీ?"

"మా ఆయన్ని. ట్రెక్కింగ్‌కని కొండల్లోకెళ్లి తిరిగి రాలేదు. పోలీసులు వెతకడం ఆపేసి నెలైంది. ఆఫ్ దొరికినప్పుడల్లా నేనే వెళ్తున్నా." బైనాక్యులర్స్ కళ్ల మీంచి దించలేదు. "ఎర్ర జాకెట్ కొనుక్కుంటానన్నారు. ఈ వయసులో ఎరుపేంటని, ఆకుపచ్చది నేనే కొనిపించా."

ఆ అడవుల్లో నేనూ నడిచాను. ఏ అద్దమూ ఆ పని చెయ్యలేదని నాకు తెలుసు.

"కనిపిస్తుంది ఆంటీ," అన్నాను.

పెట్టె వద్దని, అక్కడే మెడలో వేసుకుని వెళ్లిపోయింది.

రెండు వారాలకు మళ్లీ వచ్చింది. బూట్లకు బురద ఆరలేదు. బైనాక్యులర్స్ తీసి నా ముందు పెట్టింది.

"కనిపిస్తుందన్నావు కదా బాబూ."