అటెండెంట్ ఉంటేనే అడ్మిషన్

పగడాల డాక్టరు గారికి ఒకే ఒక్క పిచ్చి. కొనఊపిరితో ఉన్న పగడాన్ని ఎవరు తెచ్చినా కాదనకుండా తన ఇంట్లో ఉప్పునీటి తొట్టిలో చేర్చుకుంటారు. అంతవరకు బాగానే ఉంది. ఇంతకంటే ముదిరిన పిచ్చివాళ్ళు లోకంలో బోలెడుమంది ఉన్నారు. చిక్కల్లా ఏమిటంటే, పగడంతో పాటు దాన్ని తెచ్చిన మనిషిని కూడా చేర్చుకుంటారు.

"అటెండెంట్ ఎవరు?" అన్నది ఆయన మొదటి ప్రశ్న.

"అటెండెంటా? పగడానికా?"

"పేషెంటుకి. రోజూ సాయంత్రం నాలుగున్నరకి వచ్చి దగ్గరుండి తిండి పెట్టాలి. అటెండెంట్ లేకుండా అడ్మిషన్ లేదు."

నిజానికి ఆయన డాక్టరు కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆసుపత్రి ఓ.పి. కౌంటర్లో కూర్చుని చీటీలు రాశారు. పేరు, వయసు, ఏం బాధ, ఏ గదికి వెళ్ళాలి. ఇంతే ఆయన వైద్యం. రిటైరైన వారానికి ముందుగదిలో సోఫా తీయించి, ఆరడుగుల గాజు తొట్టి పెట్టించారు. సోఫా ఏమైందని ఎవరైనా అడిగితే ఆయన భార్య, "దానికి నయమైపోయిందిట, డిశ్చార్జి చేశారు" అని చెప్పేది.

తొట్టి అద్దం మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా బెడ్ నంబర్లు. పక్కన గోడకి ఒక్కో పేషెంటుకి ఒక్కో కేసు షీటు. పగడమంటే ఉంగరంలో రాయి అనుకునేవాళ్ళకి ఆయన ఓపిగ్గా చెప్పేవారు. "రాయి కాదండీ, ప్రాణి. కింద ఉన్న రాయి అది కట్టుకున్న ఇల్లు. నీళ్ళు వేడెక్కినా, ఉప్పు ఎక్కువైనా, ఎవరూ పట్టించుకోకపోయినా ముందు రంగు పోతుంది. తెల్లగా పాలిపోతుంది. పాలిపోయిందంటే పోయినట్టు కాదు. అక్కణ్ణుంచే మన డ్యూటీ మొదలు."

ఒక్కోసారి పోయేవి కూడా. ఆ మాట మాత్రం ఆయన నోట వచ్చేది కాదు. "ఆరో బెడ్‌ని పై ఆసుపత్రికి రిఫర్ చేశాం" అనేవారు. ఆ పై ఆసుపత్రి పెరట్లో దానిమ్మ చెట్టు మొదట్లో ఉండేదని ఆయన భార్యకి తెలుసు. గుంట తవ్వేది ఆవిడే.

చెల్లెలు దూరం నుంచి ఫోన్ చేసేది. "అన్నయ్యా, ఒంట్లో ఎలా ఉంది?"

"రెండో బెడ్‌కి నిన్నటి నుంచి కాస్త రంగు తిరిగిందమ్మా."

"నీకెలా ఉందీ అని."

"నాకేం, నేను స్టాఫ్‌ని."

పగడాలతో ఆ ఇల్లాలికి పేచీ లేదు. అవి అరవవు, అలగవు, టీలో చక్కెర తక్కువైందనవు. పేచీ అంతా అటెండెంట్లతోనే. ఇళ్ళకి రంగులేసే కాంట్రాక్టరు ఒకాయన తన ఇంటి చేపల తొట్టిలోని పగడాన్ని బక్కెట్టులో తెచ్చి, తొట్టి పక్కన పెట్టి, చల్లగా జారుకోబోయాడు. డాక్టరు గారు అతన్ని చొక్కా పట్టుకుని మరీ స్టూలు మీద కూర్చోబెట్టారు. నీళ్ళు తిప్పే మోటారు ఆపాలి, కరిగించిన రొయ్య పొడిని డ్రాపరులోకి పీల్చాలి, పగడం నోటి దగ్గర చుక్క చుక్కగా వదలాలి, అది మింగేదాకా కదలకూడదు. ఇరవై నిమిషాలు. కాంట్రాక్టరు జేబులోంచి ఫోన్ తీస్తే, "ఐ.సి.యు.లో ఫోన్లు పనికిరావు" అని లాక్కున్నారు. మూడో వారానికి ఆ కాంట్రాక్టరే వంటింటి వైపు తిరిగి, "అమ్మగారూ, గిన్నెలు కాస్త నెమ్మదిగా పెట్టండి, వాడు తింటున్నాడు" అన్నాడు.

ఆ రాత్రి ఆవిడ గట్టిగానే అడిగింది. "ఏవండీ, ఆ నాలుగు చుక్కలూ మీరు పోస్తే అది మింగనంటుందా? ఊళ్ళోవాళ్ళందర్నీ పిలిచి నాతో టీలు పెట్టించడం దేనికి?"

"రూలు రూలేనోయ్."

"ఎవరు పెట్టారు?"

"సూపరింటెండెంటు."

"అదెవరు?"

ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, దుప్పటి ముసుగేసుకున్నారు.

ఇలా జరుగుతుండగా వీధి చివర ఉండే పళ్ళ డాక్టరమ్మ ఒకరోజు టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. డబ్బాలో ఉప్పునీళ్ళు, నీళ్ళలో ఒక పగడం. ఒకే మొదలు నుంచి ఆరు కాడలు, ఒక్కో కాడ కొసన గుత్తిగా వేళ్ళు. ఆ వేళ్ళన్నీ ముడుచుకుపోయి, కడిగిన సున్నంలా తెల్లగా ఉన్నాయి.

"బాబాయిగారూ, క్లినిక్‌లో తొట్టిలోది. మీరే ఉంచేసుకోండి. నా చేతిలో ఉంటే చచ్చిపోతుంది."

"ఆ మాట ఇక్కడ అనకూడదమ్మా. అటెండెంట్ ఎవరు?"

"నేను రాలేను."

"పేషెంట్లు ఎక్కువా?"

"క్లినిక్ మూసేశాను."

ఆ సంగతి వీధి వీధంతా తెలుసు. రెండు నెలల కింద కారు డ్రైవింగు నేర్పే ఆయనకి ఆమె పన్ను తీసింది. తీసింది బాగున్న పన్ను. పుచ్చింది పక్కనే నిక్షేపంగా ఉండిపోయింది. ఆయన కేకలేసినా ఆమె తట్టుకునేదేమో. మర్నాడు వచ్చి, దవడ పట్టుకుని, ఎంతో మర్యాదగా, "అమ్మా, నొప్పి అలాగే ఉందండీ" అన్నాడు. ఆ మర్యాదకే ఆమె కుప్పకూలింది. పుచ్చినదాన్ని ఇంకో డాక్టరు దగ్గర తీయించి, క్లినిక్‌కి తాళం వేసింది. గదిని నెలాఖరుకల్లా ఫోన్లు బాగుచేసే అతనికి అప్పగిస్తానని మాటిచ్చింది. ఇక పనిముట్టు పట్టుకోనని ఒట్టు పెట్టుకుంది.

ఇదంతా తెలిసి కూడా పగడాల డాక్టరు గారు అన్నదేమిటంటే, "అయితే సాయంత్రాలు ఖాళీయేగా. నాలుగున్నరకి రామ్మా. నాలుగో బెడ్."

ఆమె వెళ్ళాక ఆయన భార్య వంటింట్లోంచే అందుకుంది. "మీకు మనసనేది ఉందా? పాపం ఆ పిల్ల ఏ స్థితిలో ఉంది, మీరు చేస్తున్నదేమిటి? అడ్మిషన్లూ అటెండెంట్లూ."

"టీ పొడి ఉందా లేదా చూసుకో" అన్నారాయన కేసు షీటు రాసుకుంటూ.

డాక్టరమ్మ వచ్చింది. మొదటి రోజు డ్రాపరు ముట్టుకోలేదు. "మీరే పెట్టండి" అంది.

"నాకు చీటీలు రాయడం తప్ప ఏమీ రాదమ్మా."

"ఎక్కడ గుచ్చుకుంటుందో అని..."

"గుచ్చుకుంటే అదే ముడుచుకుంటుంది. దానికి తెలివుంది."

ఆమె రెండు చేతులతో డ్రాపరు పట్టుకుని, అది తుపాకీ అయినట్టు మొహం పక్కకి తిప్పుకుని ఒక చుక్క వదిలింది. చుక్క వెళ్ళి అయిదో బెడ్ మీద పడింది. అయిదో బెడ్ ఆబగా మింగేసింది. "పక్క పేషెంటు భోజనం తినేశాడు, ప్రతి వార్డులోనూ ఉండేదే" అన్నారాయన. డాక్టరమ్మ నవ్వలేదు. వంటింట్లో ఇల్లాలు నవ్వింది.

వారం గడిచేసరికి చుక్క సరిగ్గా పడుతోంది. పదో రోజున ఒక కాడ కొసన వేళ్ళు చిటికెడు బయటికి వచ్చాయి. డాక్టరమ్మ ఆ సాయంత్రం రెండో కప్పు టీ అడిగి తాగింది. ఆ తరవాత రెండు రోజులు కనబడలేదు.

రెండో రోజు అయిదయ్యేసరికి ఇల్లాలికే కాలు నిలవలేదు. "ఏవండీ, నాలుగో బెడ్ నిన్నటి నుంచి పస్తు. నేను పెట్టనా?"

"అక్కర్లేదు. పైన లైటు వెలుగుతోందిగా, సగం తిండి దానికి వెలుగులోనే వస్తుంది. నాలుగు రోజులు పెట్టకపోయినా ఏం కాదు."

ఆవిడ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "ఏం కాదా? మరి జనాన్ని రోజూ ఎందుకు రప్పిస్తున్నట్టు?"

ఆయన నీళ్ళలో ఉప్పు కొలిచే గొట్టాన్ని కాసేపు గుడ్డతో తుడిచారు. తుడవాల్సిన అవసరమేమీ లేదు.

"కౌంటర్లో కూర్చున్నన్నాళ్ళూ చూశానోయ్. పేషెంటుకి చీటీ రాసేవాణ్ణి. పక్కన తోడు వచ్చినవాడి మొహం చూస్తే పేషెంటు మొహమే నయమనిపించేది. వాడికి రాయడానికి నా దగ్గర చీటీ ఉండేది కాదు." గొట్టాన్ని డబ్బాలో పెట్టేశారు. "ఇన్నాళ్ళు కంటికి రెప్పలా చూసుకున్న తొట్టికి ఉన్నట్టుండి నీళ్ళు మార్చడం మానేశారంటే, జబ్బు ముందు తొట్టికి వచ్చి ఉండదు."

కాంట్రాక్టరు పగడం తెచ్చిన నెలలోనే అతని తండ్రి మంచాన పడ్డాడని ఆవిడకి అప్పుడు తట్టింది. పాత అటెండెంట్లని ఒక్కొక్కర్నే తలుచుకుంటూ టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. టీ ఎవరికని ఆయన అడగలేదు.

మూడో రోజు పొద్దున నాలుగో బెడ్ మీద గోధుమరంగు జిగురు కనబడింది. ఒక కాడ కుళ్ళుతోంది. అది పక్క కాడకి అంటుకుంటే రెండు రోజుల్లో ఆరు కాడలూ పోతాయి. పగడాల డాక్టరు గారు ఫోన్ తీశారు.

"డాక్టరమ్మా, నాలుగో బెడ్‌కి ఆపరేషన్. అటెండెంట్ సంతకం కావాలి."

ఆమె జుట్టు కూడా ముడుచుకోకుండా వచ్చేసింది. ఆయన టేబుల్ మీద పళ్ళెం, వైర్లు కోసే కత్తెర సిద్ధంగా పెట్టారు.

"మీరు కొయ్యండి" అంది ఆమె.

"నా చెయ్యి వణుకుతుందమ్మా." ఆయన టీ కప్పుని సాసరుతో సహా ఎత్తారు. కప్పు సాసరులో గలగలలాడింది.

"మీ చెయ్యి వణకడమేమిటండీ, నిన్ననేగా సూదిలో..." అని ఇల్లాలు మొదలెట్టింది. టేబుల్ కింద ఆయన కాలు ఆవిడ కాలి మీద పడింది. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "నిన్ననేగా సూది కూడా పట్టుకోలేకపోయారు" అని ముగించింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన కోసం ఆడిన మొదటి అబద్ధమది. బాగానే వచ్చిందనుకుంది.

డాక్టరమ్మ వంగి చూసింది. కత్తెర చూసింది. "దీంతో నొక్కితే పక్క కాడ కూడా చిట్లిపోతుంది బాబాయిగారూ. ఇది పనికిరాదు."

"మరి ఇంకేం ఉంది మన దగ్గర?"

ఆమె లేచి వెళ్ళింది. పావుగంటకి వచ్చింది. చేతిలో సన్నటి చక్రం బిగించిన పళ్ళ మిషను, కళ్ళద్దాలు, మాస్కు, గ్లోవ్సు. రెండు నెలల తరవాత పనిముట్ల అలమర తెరిచినట్టుంది, కొంగుకి సాలెగూడు అంటుకుని ఉంది.

పగడాన్ని పళ్ళెంలో పెట్టి లైటు దగ్గరికి లాక్కుంది. "ఎడమ నుంచి మూడోది. అవునా?"

"అవును."

"పిన్నిగారూ, మీరు లెక్కపెట్టండి."

ఆవిడ వేలు పెట్టి లెక్కపెట్టింది. "మూడోదే."

"బాబాయిగారూ, మీరు ఇంకోసారి." ఆయన లెక్కపెట్టారు. ఆమె ఆ కాడకి ఎర్రదారం కట్టింది. కట్టి, మళ్ళీ తనే లెక్కపెట్టింది. పళ్ళేన్ని అటు తిప్పి, ఎడమ నుంచి నాలుగోది అవుతుందా లేదా అని చూసింది. ఇల్లాలికి పగడం మీద కంటే ఆమె వేళ్ళ మీదే చూపు. మిషను గుయ్యిమంది. వేళ్ళు వణికాయి. చక్రం కాడకి తగిలాక మాత్రం వణకలేదు.

దారం కట్టిన ముక్క పళ్ళెంలో టప్పున పడింది. మిగతా అయిదూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. వాటిని మందునీళ్ళలో ముంచి తొట్టిలో దింపాక, "పనిముట్లు శుభ్రంగా ఉన్నాయి, క్లినిక్..." అని ఇల్లాలు సన్నగా కదిపింది.

"ఎల్లుండి గది అప్పగించాలండీ" అంది డాక్టరమ్మ గ్లోవ్సు తీస్తూ. "ఇది పగడం. మనుషుల సంగతి వేరు."

మర్నాడు పొద్దున్నే పగడాల డాక్టరు గారు దవడ పట్టుకుని లేచారు.

"పన్నోయ్. ప్రాణం తోడేస్తోంది."

"రాత్రి వేయించిన శనగలు గుప్పెడు నమిలారు" అంది భార్య.

"అందుకే వచ్చింది. పద."

డాక్టరమ్మ క్లినిక్‌లో సామాను అట్టపెట్టెల్లో సర్దుతోంది. గుమ్మంలో ఫోన్లు బాగుచేసే అతను టేపుతో గోడ కొలుస్తున్నాడు. పగడాల డాక్టరు గారు అతన్ని దాటుకుని వెళ్ళి కుర్చీలో వాలిపోయారు.

"తీసెయ్యమ్మా. కుడివైపు కింద, చివరి నుంచి రెండోది."

"నేను మానేశానండీ."

"నిన్న తీశావుగా. ఇదీ అంతే. లెక్కపెట్టు, దారం కట్టు, తీసి పారెయ్."

ఆమె చేతిలో సామాను కింద పెట్టింది. ఒక అట్టపెట్టె విప్పి, చిన్న అద్దం తీసింది. నోట్లో పెట్టి చూసింది. ఆయన చెప్పిన పన్ను మీద చిన్నగా కొట్టింది. "నొప్పా?"

"అబ్బా. చెప్పలేను."

చల్లనీళ్ళు కొట్టింది. కొరకమంది. ఇటు ఊపింది, అటు ఊపింది. ఊపిన ప్రతిసారీ ఆయన ఒకే శ్రుతిలో మూలిగారు. ఆమె అద్దం పక్కన పెట్టి ఆయన కళ్ళలోకి చూసింది. ఇల్లాలు గోడ వైపు చూసింది.

"బాబాయిగారూ, ఈ పన్నుకి ఏ జబ్బూ లేదు. ఇంకో ఇరవై ఏళ్ళు శనగలు నమలొచ్చు."

"పోనీలేమ్మా, ఒక్కటేగా. తీసెయ్. నేనేం అనుకోను."

"మీరు అనుకోకపోవచ్చు." ఆమె పెట్టెలోంచి మాస్కు తీసి పెట్టుకుంది. "బాగున్న పన్ను నేను తియ్యను."

గుమ్మంలో టేపు చప్పుడు ఆగింది. "అమ్మా, ఈ గోడకి అరలు కొట్టించుకోవచ్చా?" అన్నాడు అతను.

"వద్దు. పేషెంటు ఉన్నారు" అంది ఆమె తల తిప్పకుండా. తరవాత ఒక నిమిషానికి, "ఏమీ అనుకోకండి, గది ఇవ్వడం లేదు" అంది.

పగడాల డాక్టరు గారి మొహం విప్పారింది. "హమ్మయ్య. అయితే మేం వెళ్ళొస్తాం" అని కుర్చీలోంచి లేవబోయారు.

"కూర్చోండి. దీని వెనక ఉన్న చివరిది మాత్రం లోపల్లోపలే పూర్తిగా పుచ్చిపోయింది. ఇప్పుడే తీసెయ్యాలి."

"అది నొప్పి లేదే."

"వస్తుంది. పిన్నిగారూ, మీరొకసారి చూసి లెక్కపెట్టండి."

ఆయన ఓ.పి. కౌంటర్లో ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్నడూ పడనంత కంగారు పడి, భార్య వైపు తిరిగారు. "ఏమోయ్, పొయ్యి కట్టేసి వచ్చామా?"

"కట్టేశాను" అంది ఆవిడ. వెనక్కి వచ్చి ఆయన రెండు భుజాలూ ఆప్యాయంగా, గట్టిగా, కదలకుండా పట్టుకుంది. "చివరిదేనమ్మా. చూశాను. నువ్వు కానియ్."