రెండు రివాల్వర్లు, మూడు పొరపాట్లు

హాలిఫాక్స్, కెనడా, అక్టోబరు 14, సోమవారం.

మా పక్కింటి పెద్దాయన మొన్న గురువారం ఉదయం ఆస్పత్రిలో చనిపోయారు. ఆయన తెలుగువారు కాదు. అయినా మన తెలుగు సంఘం పత్రికకు రాస్తున్నానంటే రెండు కారణాలు. ఊరంతా మన పిల్లలు గదుల కోసం వెతుక్కున్న రోజుల్లో, మీలో కొందరు ఆయన మేడమీది రెండు గదుల్లో ఉండి చదువుకున్నారు. ఇక రెండోది. ఆయన రివాల్వర్లను పరీక్షిస్తూ మేమిద్దరం రాసిన నోటుబుక్కు శనివారం ఆయన షూటింగ్ క్లబ్బుకు వెళ్తుంది. అందులో ఒక పేజీ తీసేయమని ఆయన కూతురు నన్ను అడిగింది. ఆమెకు ఇంకా జవాబు చెప్పలేదు.

పరిచయం ఇలా జరిగింది. ఆ ఇంట్లో అద్దెకున్న నల్గొండ అమ్మాయి ఒక సాయంత్రం పరుగున వచ్చింది.

"అమ్మమ్మగారూ, మా ఓనర్ అంకుల్ దగ్గర తుపాకులున్నయ్. వెనక మెట్ల మీద కూసొని కడుగుతుండు. ఒకటే గుడ్ల కంపు. ఖాళీ చేద్దామంటే ఇంకో రూమ్ ఏడ దొర్కుతది?"

"ఆయన్ని అడిగావా?"

"నాకు భయం. మీరు టీచర్ కదా, మీరడగండి."

ముప్పై ఏళ్ళు గుంటూరులో ఆడపిల్లలకు కెమిస్ట్రీ చెప్పినదాన్ని. ఆ వాసన నాకు కొత్త కాదు. నేను వెళ్ళేసరికి పెద్దాయన బకెట్లో సబ్బు కలిపిన వేడినీళ్ళు పెట్టుకుని, ఇనుప ముక్కలు తోముతున్నారు.

"పాతకాలపు తుపాకిమందు కాల్చారా?" అన్నాను.

ఆయన తలెత్తారు. "మీకెలా తెలుసు?"

"బొగ్గు, గంధకం, సురేకారం. కాలాక మిగిలిన మసికి నీళ్ళు తగిలితే ఈ కంపే వస్తుంది."

ఆయన లేచి కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు, ముందు తుపాకుల కాగితాలు చూపించమన్నాను. నవ్వకుండా లోపలికి వెళ్ళి ఫైలు తెచ్చారు. ప్రతి పేజీ చదివాను. తుపాకుల పెట్టెకు రెండు తాళాలున్నాయని చూశాను. అప్పుడు కూర్చున్నాను.

తిరిగొచ్చి ఆ అమ్మాయికి, "నిశ్చింతగా ఉండు" అని చెప్పాను.

"ఇంటర్వ్యూ చేసిన్రా అమ్మమ్మగారూ?"

"చేశాను. పాసయ్యాడు."

ఆయన నౌకాదళం రేవులో లేతు మెషిన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. భార్య పోయి చాలాకాలమైంది. రివాల్వర్లు రెండూ నూటయాభై ఏళ్ళ నాటివి. తూటాలు వాడేవి కావు. గుండ్రని దిమ్మలో ఆరు గదులుంటాయి. ఒక్కో గదిలో మందు పోసి, సీసపు గుండు పెట్టి, గొట్టం కింది మీటతో అదిమి, పైన గ్రీజు రాయాలి. రాయకపోతే ఒక గది నిప్పు పక్క గదికి అంటుకోవచ్చు. వెనక చిన్న రాగి టోపీ తొడిగితే, దాన్ని సుత్తి కొట్టి పేలుస్తుంది.

రెండిటికీ తేడా చట్రంలో ఉంది. ఒకదానికి దిమ్మ మీదుగా ఇనుప పట్టీ వెళ్తుంది, చట్రమంతా ఒకే ముక్క. రెండోదానికి పైన ఏమీ లేదు. గొట్టాన్ని చట్రంతో కలిపి పట్టుకునేది అడ్డంగా దూర్చిన ఒక చిన్న చీల మాత్రమే.

"పట్టీ ఉన్నదే గొప్పది, ఇందులో చర్చ ఏముంది?" అన్నారు ఆయన.

"కొలిచారా?"

"నలభై ఏళ్ళుగా కాలుస్తున్నాను."

"కొలిచారా అని అడిగాను."

మరుసటి ఆదివారం నన్ను కారులో క్లబ్బుకు తీసుకెళ్ళారు. చెవులకు చప్పుడు ఆపే మఫ్లు, ఒళ్ళో నోటుబుక్కు. ఒక్కోసారి నింపి కాల్చడాన్ని ఒక విడతగా రాశాను. పట్టీ ఉన్నది మూడో విడతకే మసి పట్టి బిగుసుకుంది, బొటనవేలితో సుత్తి లాగడానికి ఆయన పళ్ళు బిగించాల్సి వచ్చింది. పట్టీ లేనిది ఐదో విడతలోనూ తిరిగింది. నాలుగు ఆదివారాలు ఇదే వరస. విప్పి పక్కపక్కన పెట్టించి చూశాను. పట్టీ లేనిదాంట్లో దిమ్మ తిరిగే ఇరుసు లావుగా ఉంది, దాని చుట్టూ గాడులు, గాడుల్లో గ్రీజు. పట్టీ ఉన్నదాని ఇరుసు సన్నం, నున్నన. గ్రీజు నిలిచే చోటే లేదు.

"నలభై ఏళ్ళు నా చేతుల్లోనే ఉంది, నాకు కనపడలేదు" అని ఆయన పెద్దగా నవ్వారు. అప్పట్నుంచి నేను మేడమ్ ఎగ్జామినర్‌ని.

అలాగని గెలుపు ఒకవైపే లేదు. పట్టీ లేనిదానికి పేలిన టోపీ ముక్కలు సుత్తి సందులో పడి ఇరుక్కుంటాయి. అందుకే సుత్తి లాగేటప్పుడు ఆయన గొట్టం ఆకాశంవైపు ఎత్తేవారు, ముక్కలు వెనక్కి రాలిపోతాయని. ఏళ్ళ తరబడి దెబ్బలు తిని దాని చీల వదులైంది కూడా. పట్టీ ఉన్నది రాయిలా గట్టిది కానీ, దాని పిడి దగ్గర చోటు తక్కువ, ప్రతి దెబ్బకూ మధ్యవేలి కణుపు అదిరేది. "బలం అడిగితే ఇది, చేతికి హాయి అడిగితే అది. రెండూ ఒకేదాంట్లో కావాలనేవాడు ఇంకా రెండూ కాల్చలేదన్నమాట" అనేవారు.

రెండో వేసవిలో ఆయన చేతులు వణకడం మొదలైంది. మొదట మందు గింజలు గది పక్కన ఒలికేవి. ఒకరోజు నోటుబుక్కు నా ముందు పెట్టి, "వెనక కొత్త పేజీ తియ్యండి. నా పొరపాట్లు రాయండి. మూడు రాగానే ఆపేస్తాను. నా స్నేహితులు చూసీచూడనట్టు వదిలేస్తారు, మీరు వదలరు" అన్నారు.

వదలనన్నాను. ఆయనకు ఆదివారం తప్ప వారంలో వేరే పండుగ లేదని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

మొదటి పొరపాటు, ఒక గదికి గ్రీజు రాయలేదు. రెండోది, ఒక గదిలో మందు పోయకుండానే గుండు అదిమారు. మూడోది సెప్టెంబరులో. సుత్తి కింద ఎప్పుడూ ఒక గది ఖాళీగా ఉంచాలి, ఐదే నింపాలి. లేకపోతే చెయ్యి జారితే చాలు, దానంతటదే పేలుతుంది. ఆరోజు ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆరూ నింపారు, ఆరో టోపీ తొడిగారు, సుత్తి దించారు. నేను తప్ప ఎవరూ చూడలేదు.

కలం తీసి కాసేపు పట్టుకున్నాను. పరీక్ష పేపర్లు దిద్దిన ఏళ్ళలో అర మార్కు కూడా దయతో వేయలేదు. ఆరోజు మాత్రం చెయ్యి ఆగింది. చివరికి, "కింద పెట్టండి. ఆరు నింపారు" అన్నాను.

ఆయన దిమ్మవైపు చూశారు. "ఖాయమా?"

"లెక్కపెట్టుకోండి."

లెక్కపెట్టారు. గొట్టాన్ని గురి వెనకున్న ఇసుకగట్టు వైపే ఉంచి, మెల్లగా బల్లమీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగారు. క్లబ్బు సేఫ్టీ ఆఫీసర్ వచ్చి గదులు ఖాళీ చేశారు. నేను రాశాను. దాని కింద ఆయన "సరిగ్గానే ఉంది" అని వణుకుతున్న అక్షరాలతో రాసి సంతకం పెట్టారు. ఇంటిముందు కారు ఆపి, "ఒకవేళ మీరు రాయకపోయుంటే, వచ్చే ఆదివారం మిమ్మల్ని తీసుకెళ్ళేవాణ్ణి కాదు" అన్నారు.

ఆ తర్వాత ఆయన ఒక్కసారి కూడా కాల్చలేదు. ఆ పేజీయే తీసేయమని కూతురు అడిగింది. "నాన్నను క్లబ్బువాళ్ళు అలా గుర్తుపెట్టుకోవద్దు ఆంటీ" అంది. ఆమె బాధ నాకు తెలుసు. కానీ తన పొరపాటు కింద తానే సంతకం పెట్టినవాళ్ళను నేను ఇంకొకరిని చూడలేదు. కాబట్టి ఇకముందు జరగవలసినవి ఇవి:

1. శనివారం సేఫ్టీ ఆఫీసర్ వచ్చేదాకా పెట్టె ఎవరూ తెరవకూడదు.

2. రెండు దిమ్మల్లోని పన్నెండు గదులూ ఖాళీ అని, ఒక్కొక్కటి చూసి, ఆ ఆఫీసరే పైకి చెప్పాలి.

3. రివాల్వర్లు రెండూ క్లబ్బులో ఒకేచోట ఉండాలి. ఒకటి లేకుండా రెండోదాని సంగతి తెలియదు.

4. నోటుబుక్కు పూర్తిగా వెళ్ళాలి. ఆ పేజీతో సహా. కూతురికి ఈ మాట ఉత్తరంలో కాదు, రేపు ఎదురుగా కూర్చుని నేనే చెప్పాలి.

5. చేతులు బాగున్నవారెవరైనా రెండిటినీ ఒక్కో విడత కాల్చాలి. ఐదేసి మాత్రమే. గాలి లేని రోజు ఆ తుపాకిమందు పొగ తెల్లగా, గోడలా నిలబడిపోతుంది, వెనక దేవదారు చెట్లు కూడా కనపడవు. అది తేలిపోయేదాకా అందరూ ఉన్నచోటే నిలబడాలి. గుండు ఎక్కడ తగిలిందో ఆ తర్వాతే చూడాలి.