టీ తాగాకే జామీను

లిలువా రైల్వే క్వార్టర్సులో మా చిన్నప్పుడు అప్పు కావాలంటే ముందు టీ పెట్టాలి. వర్క్‌షాపు సొసైటీ అప్పుకు తోటి పనివాళ్లిద్దరు జామీను సంతకం చేయాలి. ఆ ఇద్దరూ ఇంటికొచ్చి, టీ తాగుతూ మూడు ప్రశ్నలు అడిగేవారు. ఎందుకు? ఎంత? దీనికోసం ఏటి మానేస్తావు? మూడోదానికి జవాబు లేనివాడికి టీ ఖర్చే మిగిలేది.

పెద్దయ్యాక న్యూ టౌన్‌లో ఫ్లాటు కొన్న నాకు ఆ టీ పాతకాలపు ముచ్చటలా తోచింది. ఫ్లాటు తర్వాత కారు, కారు తర్వాత కార్డులు. ‘మీకు అప్పు ముందే మంజూరైంది’ అని బ్యాంకు సందేశం పంపితే, నా గొప్పతనాన్ని ఇన్నాళ్లకు ఒకరు గుర్తించారని పొంగిపోయి బొటనవేలితో నొక్కేశాను. వాయిదాలను వాయిదా వేయడం మొదలై, ఫ్లాటు పోతుందని నోటీసు వచ్చాక మాత్రం తప్పంతా బ్యాంకుదే అనిపించింది. మూడు పేజీల ఫిర్యాదు రాసి, మెచ్చుకుంటారని నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను.

ఆయన ఆదివారం పొద్దున, వర్క్‌షాపులో తనతో పనిచేసిన మావయ్యను వెంటబెట్టుకుని దిగారు. ఇద్దరూ సోఫాలో కూర్చున్నారు. అదీ వాయిదాల సోఫానే.

“టీ ఎట్టరా,” అన్నారు నాన్నగారు.

అది ఏ టీయో అర్థమై స్టవ్వు వెలిగించాను.

“కారెందుకురా?” అన్నాడు మావయ్య.

“ఆఫీసుకి.”

“నీ ఆపీసు ఈ కిటికీలోంచి కనబడతంది కదరా!”

“వాళ్లే ఇచ్చారు మావయ్యా, అడక్కుండా.”

“బెంగాలీ మిఠాయికొట్టోడు రోజూ నన్ను ‘దాదా, రండి’ అని పిలుస్తాడు. నాకు సుగరొస్తే ఆడిమీద కేసెట్టమంటావేటి?”

నాన్నగారు నవ్వలేదు. “బేంకోడి తప్పుంటే ఆడు సూసుకుంటాడు. నొక్కిన ఏలు ఎవుడిది?”

“నాదే.”

“అయితే ఏటి మానేస్తావు?”

“కారు,” అన్నాను. కాసేపటికి, “కార్డులు.” ఇంకాసేపటికి ఫిర్యాదు కాగితాలు చించాను.

మర్నాడు బ్యాంకుకెళ్లి, అప్పు నేనే కోరి తీసుకున్నానని, కారు అమ్మి బకాయి కడతానని చెప్పి, మిగతాదానికి గడువు పెంచమని అడిగాను. దెబ్బలాటకు సిద్ధంగా ఉన్న మేనేజరు కాస్త నిరాశపడ్డట్టే కనిపించాడు. గడువు పెంచాడు. ఫ్లాటు నిలిచింది. నా పొట్ట కూడా తగ్గింది. ఆఫీసుకు నడకే కదా.

మొన్న మావయ్య ఫోను చేశాడు. “మావోడు ఆటో కొంటన్నాడు. జామీను సంతకం నువ్వెడతావేటి?”

నాకు ప్రమోషన్లు వచ్చాయి. ఏ ఒక్కదానికీ ఇంత నిటారుగా నడవలేదు. లిలువాలో మావయ్య కొడుకు టీ తెచ్చి, నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన నాన్నగారు జరిగి నాకు చోటిచ్చారు.

“అడగరా,” అన్నారు.