అబూ నాసర్ గిటారు, నా రియాద్ క్యాలెండరు

2024 ఫిబ్రవరి, ఒక శుక్రవారం. సౌదీలో ధహ్రాన్ దగ్గర ఒక పార్కు. పచ్చిక మీద స్టేజీ, దానికి రెండు పక్కలా రెండాళ్ల ఎత్తు స్పీకర్లు, ఎదురుగా నాలుగు వందల ప్లాస్టిక్ కుర్చీలు. వాటన్నిటి వెనక చిన్న టెంటులో, మైకులన్నిటి శబ్దాన్నీ కలిపి సరిచూసే మిక్సర్ ముందు నేను. నా పేరు బాషా. రియాద్‌లో ఒక సౌండ్ కంపెనీలో పదహారేళ్లుగా పని చేస్తున్నాను. విజిటింగ్ కార్డు మీద సౌండ్ ఇంజినీర్ అని ఉంటుంది గానీ ప్రొద్దుటూరులో ఈరోజుకీ నేను మైక్ సెట్ బాషానే. పెళ్లిళ్లు, ఉరుసులు, ఓట్ల మీటింగులు అన్నిటికీ గొట్టం మైకులు కట్టి ఎదిగినవాణ్ణి.

మా వృత్తిలో ఒక బాధ ఉంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, పాట ఎక్కడ చెడినా నింద సౌండ్ వాడి మీదకే వస్తుంది. అలాంటి నింద వేసినవాళ్లతో నేను చాలాసార్లు గొడవ పడ్డాను, నాకు కోపం కూడా కాస్త ఎక్కువే. ఈ కథలో మాత్రం తప్పు నూటికి నూరుపాళ్లూ నాదే. అందుకే చెప్పాలనిపిస్తోంది.

ఆ కార్యక్రమం పెట్టింది రీమ్ అనే అమ్మాయి. ఇళ్ల డిజైన్లు గీసే పని. పాత పాటలంటే ప్రాణం. అరవైల చివర్లో అమెరికాలో, ఇంగ్లండులో పొలాల్లో రాక్ సంబరాలు జరిగేవి. పైకప్పు ఉండదు, ఎవరి చోటు వారికుండదు, లక్షల మంది గడ్డి మీద కూర్చుని పగలూ రాత్రీ పాటలు వినేవారు. అలాంటి సాయంత్రం ఒకటి మన ఊళ్లో ఎందుకు ఉండకూడదని మిత్రులను పోగేసి, అనుమతులు తెచ్చి, పార్కు నిండా రంగుల గుడ్డలు కట్టించింది. అందరికీ చెప్పని కారణం ఇంకొకటి ఉంది. అది ఆమె తాత.

ఆయన్ని అందరూ అబూ నాసర్ అనేవారు, అంటే నాసర్ వాళ్ల నాన్న. ఇక్కడ పెద్దవాళ్లను పెద్దకొడుకు పేరుతో అలా పిలవడమే మర్యాద. డెబ్భై నాలుగేళ్లు, మడమల దాకా తెల్లటి తోబు, చేతిలో రంగు వెలిసిన గిటారు పెట్టె. మధ్యాహ్నం సౌండ్ చెక్‌కి, అంటే షోకి ముందు మైకులూ వాయిద్యాలూ సరిచూసుకునే పనికి, అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు. ఆయన ఇంగ్లిషు, నా అరకొర అరబ్బీ కలిసి మా మాటలు నడిచాయి. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"పంతొమ్మిదేళ్లప్పుడు చదువుకని అమెరికా పంపారు. నా రూమ్మేట్ కారులో ఒక పొలానికి పాటల సంబరమని తీసుకెళ్లాడు. దారంతా కార్లే. మా కారు రోడ్డు మీదే వదిలేసి రెండు గంటలు నడిచాం. ఆ తర్వాత వాన. బురద మోకాళ్ల దాకా."

"మైకులు తడవలేదా?" అని అడిగాను. నా బుద్ధి నాది మరి.

ఆయన పకపకా నవ్వారు. "అది నువ్వొక్కడివే అడిగావు! స్టేజీ మీద వాళ్లు నాకు చీమల్లా కనిపించారు. కానీ పాట వినిపించింది బాషా. ఆకాశం కింద అంత దూరం నడిచొచ్చిన పాట. ఆ మర్నాడే ఈ గిటారు కొన్నాను."

చదువు ముగించి తిరిగొచ్చాక ఇక్కడ బయట వాయించే రోజులు కావవి. ఇంట్లో తన గదిలో తలుపేసుకుని వాయించుకున్నారు. ఉద్యోగం చేశారు, రిటైరయ్యారు, గిటారు మాత్రం గది దాటలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆకాశం కింద నలుగురి ముందు వాయించాలన్నది ఆయన కోరిక. ఆయన అడిగింది రెండు పాటలకు చాలినంత సమయం. పెట్టిన షరతు ఒక్కటే.

"వెలుతురు ఉండగానే నన్ను ఎక్కించు. రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. స్టేజీ లైట్లు పడ్డాయంటే ఆరు తీగలూ నాకు ఒకటే చారలా కనిపిస్తాయి. వాయించలేను."

"అదెంత భాగ్యం, ఎండలోనే ఎక్కిస్తాను," అన్నాను మహా ధీమాగా.

ఇక్కడ మా పని గురించి ఒక ముక్క చెప్పాలి. ప్రతి షోకీ రన్నింగ్ ఆర్డర్ అని ఒక కాగితం ఉంటుంది. ఎవరు ఎన్నింటికి ఎక్కాలి, ఎన్నింటికి దిగాలి అన్నది నిమిషాలతో సహా అందులో రాసుంటుంది. సౌదీలో ఆ కాగితాన్ని నమాజు వేళల చుట్టూ కడతాం. అజాన్‌కు అంటే నమాజు పిలుపుకు, పది నిమిషాల ముందు మ్యూజిక్ ఆపేస్తాం, నమాజు అయ్యాకే మళ్లీ మొదలుపెడతాం. ఆ రోజు మగ్రిబ్, అంటే పొద్దుగూకే వేళ నమాజు, ఐదూ నలభై ఆరుకని రాశాను. ఐదూ ఇరవైకి అబూ నాసర్, ఐదూ ముప్పై ఆరుకు సౌండ్ బంద్. రీమ్ చూసి "బాషా కట్టాడంటే ఇంక తిరుగులేదు" అంది. నేను మీసం దువ్వుకున్నాను.

మూడూ నలభై ఐదుకు షో మొదలైంది. కుర్రాళ్ల బ్యాండు ఒకటి దుమ్ము దులిపింది. పిల్లలు గడ్డి మీద పొర్లుతున్నారు, అరబ్బీ కాఫీ గహ్వా వాసన మిక్సర్ దాకా వస్తోంది. ఐదూ ఐదుకు వాళ్లు దిగారు. అబూ నాసర్ కోసం కొత్త మైకులు పెడుతున్నాం. అప్పుడు ఫస్ట్ ఎయిడ్ టెంటు నుంచి సునీత వచ్చింది. సునీతది అమలాపురం. ఇక్కడి ఆసుపత్రిలో పదకొండేళ్లుగా నర్సు. నేను తెలుగువాణ్ణని పొద్దునే కనిపెట్టి నాకు పులిహోర కూడా పెట్టింది.

"బాషా గారూ, పెద్దాయన్ని ఎక్కించరేంటండీ? అజాన్ అయిపోతుంది కదా."

"ఇంగా ఎంత టైముందమ్మా! ఐదూ నలభై ఆరుకు గదా మగ్రిబ్."

ఆమె నా వైపు వింతగా చూసింది. "ఎక్కడండీ నలభై ఆరు? ఇక్కడ ఐదూ ముప్పై ఒకటికే. రంజాన్లో మా వార్డులో ఉపవాసం ఉన్న పేషెంట్లకి టైము చూసి ఖర్జూరం అందించేది నేనే కదండీ, ఆ అలవాటుతో ఇక్కడి టైము రోజూ చూస్తాను, నాకు తెలీదా? మీరెక్కడి టైము పెట్టుకున్నారండీ బాబూ?"

గుండె జారి గడ్డిలో పడింది. రియాద్ గోడౌన్ గోడ మీద వేలాడే క్యాలెండరు చూసి రాశాను నేను! ధహ్రాన్ రియాద్‌కు తూర్పున ఉంది. సూర్యుడు ఇక్కడ పావుగంట ముందే దిగిపోతాడు. మధ్యాహ్నం అసర్ నమాజు అజాన్ విన్నా ఈ తిరకాసు బయటపడేది, కానీ అప్పుడు నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని జనరేటరు పక్కన ఉన్నాను. ఐదు పూటలా నమాజు చదివేవాణ్ణి నేను. మగ్రిబ్ ఎప్పుడో అమలాపురం చర్చికి పోయే సిస్టరమ్మ చెప్పాల్సి వచ్చింది.

"నా నోట్లో మన్ను బడ! రియాద్ టైము పెట్టుకున్న్యా సునీతమ్మా!"

"మీ నోరు తరవాత సంగతండీ. ముందు ఆయన్ని ఎక్కించండి, ఆయ్!"

వాచీ చూస్తే ఐదూ పదకొండు. ఐదూ ఇరవై ఒకటికి ఆపాలి. మైకులు సరిగ్గా అమర్చడానికే పది నిమిషాలు కావాలి. ఆయన గిటారుకు వైరు లేదు, మైకు ముందు పెట్టి పట్టాల్సిందే. పరుగెత్తుకెళ్లి విషయం చెప్పాను. ఆయన వెంటనే గిటారు భుజాన వేసుకుని మెట్లెక్కారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

తొందర్లో మానిటర్ సరిగా పెట్టలేదు. మానిటర్ అంటే పాడేవాళ్ల కాళ్ల దగ్గర వాళ్ల వైపే తిప్పి పెట్టే స్పీకరు, వాళ్ల పాట వాళ్లకు వినిపించేది దాంట్లోనే. ఆయన మొదటి తీగ మీటగానే కూఁ... అని పార్కంతా అదిరేలా ఒక కేక. దీన్ని మేము ఫీడ్‌బ్యాక్ అంటాం. మైకులోకి పోయిన శబ్దం స్పీకర్లోంచి వచ్చి మళ్లీ అదే మైకులోకి దూరితే పుట్టే అరుపు అది. జనం చెవులు మూసుకున్నారు. ఆయన వేళ్లు తీగల మీదే ఆగిపోయాయి. మానిటర్ కట్టేసి, గొంతు మైకు తగ్గించి, సరేనని చెయ్యూపేసరికి ఐదూ పందొమ్మిది. మళ్లీ మొదలుపెట్టారు. ఒకటి రెండు తీగలు తప్పాయి. పాట ఇంకా మొదటి మలుపు కూడా తిరగలేదు, నేను చెయ్యెత్తాల్సి వచ్చింది. ఆయన చూసి ఆపేశారు. తల వంచి గిటారు పెట్టెలో పెట్టారు.

యాభై ఐదేళ్ల కోరికకు నేనిచ్చింది రెండు నిమిషాలు! ఆ పెట్టె మూత పడిన చప్పుడుకు నాకు ఏడుపొచ్చింది. నా పదహారేళ్ల పేరు ఆ క్షణంలో తీసుకెళ్లి ఎవరికైనా ఇచ్చేద్దామనిపించింది.

అజాన్ అయింది. మగవాళ్లు స్టేజీకి ఎదురుగా కుర్చీలన్నీ ఒక పక్కకు జరిపి గడ్డి మీద వరుసలు కట్టారు, ఆడవాళ్లు చెట్ల వైపు కట్టారు. నేను అబూ నాసర్ పక్కనే నిలబడ్డాను. నమాజు అయ్యాక చెయ్యి కలుపుతూ మాఫీ అడిగాను.

"ఆ పొలంలో కూడా నమాజు చదివాను, తెలుసా," అన్నారు ఆయన, నేనేమీ అడగనట్టే. "వాన దంచుతోంది. ఎక్కడ నిలబడాలో తెలీక చూస్తున్నాను. నలుగురు కుర్రాళ్లు, నడుము దాకా జుట్టు, నా దగ్గరికొచ్చి ఏం కావాలన్నారు. ప్రార్థన చేసుకోవాలన్నాను. వాళ్లు కప్పుకున్న ప్లాస్టిక్ పట్టా తీసి నాలుగు కొసలూ పట్టుకుని నా నెత్తిన ఎత్తారు. నేను చదువుకున్నంతసేపూ వాళ్లు తడిశారు. దేనికి ఆగాలో దానికి ఆగాం బాషా. బాధ పడకు."

బాధ పడకంటే మానేస్తానా! ఆయన తల మీదుగా పడమటి వైపు చూశాను. సూర్యుడు దిగిపోయాడు గానీ ఆకాశం ఇంకా ఎర్రగా, తేటగా ఉంది. నా అరచేతి గీతలు నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇంకో ఇరవై నిమిషాలు ఈ వెలుగు ఉంటుంది.

"అబూ నాసర్, ఈ వెలుగులో మీ గిటారు తీగలు కనిపిస్తాయా?"

ఆయన పక్కనే పెట్టుకున్న పెట్టె తెరిచి, గిటారు కాస్త ఎత్తి చూసుకున్నారు. "ఆరూ కనిపిస్తున్నాయి."

ఒక్క ఉదుటున లేచాను. లైట్ల మనిషి పాకిస్తానీ, స్విచ్చి మీద చెయ్యి వేసే ఉన్నాడు. "భాయ్, లైట్ మత్ జలానా! ఒక్కటి కూడా వెయ్యొద్దు!" అని అరిచాను. తర్వాతి బ్యాండువాళ్లు డ్రమ్ములు మోసుకుంటూ మెట్ల దాకా వచ్చేశారు. వాళ్ల మేనేజరు రన్నింగ్ ఆర్డర్ చూపించి, ఇది మా టైము అన్నాడు. అది రాసింది నేనే, తప్పు రాశాను, ఇరవై నిమిషాలు ఇవ్వండని చేతులు జోడించాను. రీమ్ వచ్చి మెట్ల మీద అడ్డంగా కూర్చుంది. డ్రమ్ముల కుర్రవాడు నవ్వేసి డ్రమ్ము కింద పెట్టి దాని మీద కూర్చున్నాడు.

ఈసారి మానిటర్ సరిగ్గా పెట్టాను. గిటారు మైకు జానెడు దూరంలో, గొంతు మైకు ఇంకొంచెం పైన. నేను వెనక్కి వచ్చి మిక్సర్ ముందు నిలబడి చూస్తే, జనం కుర్చీలు వెనక్కి తెచ్చుకోలేదు. నమాజు చదివిన చోటే గడ్డి మీద కూర్చుండిపోయారు. చెట్ల వైపు నుంచి ఆడవాళ్లు, పిల్లలు వచ్చి వాళ్ల వెనక చేరారు. స్టేజీ అంచు దాకా మనుషులే. అబూ నాసర్ ఆ గుంపును చూసి ఒక్క క్షణం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

మొదటిది మాటల్లేని గిటారు. ఒక్క తీగ తప్పలేదు. రెండోది ఆయనే కట్టుకున్న అరబ్బీ పాట, వాన మీద. ఎడారి మనుషులకు వానంటే ఎంత ఇష్టమో ఇక్కడ బతికినవాళ్లకే తెలుసు, చినుకు పడితే ఇళ్లు వదిలి బయటికొస్తారు. రెండోసారి పల్లవి వచ్చేసరికి ముందు వరుస అందుకుంది, మూడోసారికి పార్కంతా పాడింది. నేను గొంతు మైకు కాస్త తగ్గించాను, ఆయనకు జనం పాట వినిపించాలని. పాట చివరి దాకా ఆయన చూపు తీగల మీదే ఉంది. ఆఖరి తీగ మోగాక తలెత్తి పైన ఆకాశాన్ని చూశారు. అప్పటికి రెండు నక్షత్రాలు వచ్చాయి. సునీత ఫస్ట్ ఎయిడ్ టెంటు ముందు నిలబడి ఈలేసింది. ఆమె అంత గట్టిగా ఈల వేయగలదని నేను కలలో కూడా అనుకోలేదు.

దిగి నా దగ్గరికొచ్చి అబూ నాసర్ నా రెండు చేతులూ పట్టుకున్నారు. "నువ్వు సరైన టైము రాసుంటే కుర్చీల్లో కూర్చున్నవాళ్ల ముందు పావుగంట వాయించి దిగేవాణ్ణి. ఈ గడ్డి మీద జనం నాకెక్కడ దొరికేవాళ్లు!"

తప్పు చేసినవాడికి అంతకంటే పెద్ద బహుమానం ఉండదు. అయినా తప్పు తప్పే. ఆ రోజు నుంచి ఏ ఊరికి పోయినా ఆ ఊరి మసీదుకు ఫోన్ చేసి వేళ కనుక్కున్నాకే కాగితం మీద పెన్ను పెడతాను. అంతకంటే ముఖ్యంగా ఇంకొకటి నేర్చుకున్నాను. నిమిషాలు బిగించి కట్టే మా పనిలో, ఎవరో ఒకరి కోసం కొంచెం వదులు ఉంచాలి. అందుకని ప్రతి షోలో మగ్రిబ్ తర్వాత ఇరవై నిమిషాలు ఖాళీగా వదిలి, ఆ గడిలో అబూ నాసర్ అని రాస్తాను. ఊరిలో ఎవరో పెద్దాయన, ఎవరో సిగ్గరి పిల్ల, ఆ ఇరవై నిమిషాలకు ఎప్పుడూ ఎవరో ఒకరు దొరుకుతూనే ఉన్నారు.

మొన్న మా కంపెనీలో కొత్తగా చేరిన కరీంనగర్ కుర్రవాడు ఆ కాగితం చూసి అడిగాడు. "అన్నా, గీ అబూ నాసర్ ఎవలే? ఏం బ్యాండు?"

"ఒగటే మనిషి, రెండే పాటలప్పా," అన్నాను. "రిహార్సల్ మాత్రం యాభై ఐదేండ్లు చేసినాడు."